హారన్ మోగని దారి

గత నెలలో ఒక ఆదివారం ఉదయం సైకిలు చక్రాలకు గాలి కొడుతుండగా సత్యవతి అత్త ఫోన్ చేశారు. "మీ మావయ్య లెగలేదురా బావూ" అన్నారు. "లేపకండి అత్తా, నిన్నంతా బస్సులో తిరిగారు కదా, పడుకోనివ్వండి" అన్నాను. అత్త మెల్లగా, "అది కాదురా" అన్నారు.

పంపు చేతిలోనే ఉండిపోయింది. ముందు రోజు సాయంత్రమే రాజాం నుంచి ఫోన్ చేసి, "ఇంకొక్క ముక్క మిగిలింది బావు, వొచ్చే వారం అయిపోద్ది" అని చెప్పిన మనిషి. ఆ గొంతులో అలసట లేదు, ఆయాసం లేదు. నిద్రలోనే గుండె ఆగిందని డాక్టరు చెప్పారు. మరణాల్లో అది సుఖమైన మరణమని అందరూ అన్నారు. నిజమే కావచ్చు. కానీ ఆ వార్త నమ్మడానికి నాకు వాళ్లింటి గుమ్మం దాకా వెళ్లవలసి వచ్చింది.

సూర్యనారాయణ మావయ్య నాకు చుట్టం కాదు. మల్కాపురంలో మా వీధికి రెండు వీధుల అవతల ఉండేవారు. అయినా మా సైకిలు బృందంలో ఆయన్ని మరో పేరుతో పిలిచినవాళ్లు లేరు. ఆయన్ని ఎరగని పాఠకులకు మూడు సంగతులు ముందే చెప్పాలి. ఒకటి, కొన్నేళ్లుగా మేము చేసిన దూర ప్రయాణాలన్నిటికీ దారి గీసింది ఆయనే. రెండు, అంతకు ముందు ఆయన పోర్టుకు సరుకు రవాణా చేసే ఒక కాంట్రాక్టరు ఆఫీసులో లారీలను పంపించే ఉద్యోగం చేశారు. ఏ లారీ, ఏ సరుకు, ఏ దారి అన్నది ఆయన నిర్ణయం. మూడు, ఆయనకు సైకిలు తొక్కడం రాదు.

మూడోది విన్నవాళ్లు నవ్వుతారు. మేమూ నవ్వాం. ఆయనకు చిన్నప్పటి నుంచి చెవిలో లోపం ఉండేది. నేల మీద మామూలుగానే నడిచేవారు గానీ, రెండు చక్రాల మీద కూర్చుంటే శరీరం ఏ వైపు ఒరుగుతోందో తెలిసేది కాదు. ఊళ్లో వాళ్ల అక్క సీటు పట్టుకుని వెనక పరిగెత్తి నేర్పాలని చూసిందట. ప్రతిసారీ ఆయన పంటకాలువలో తేలేవారు. చివరికి ఆ అక్కే సైకిలు నేర్చుకుని, తమ్ముణ్ణి వెనక క్యారేజీ మీద కూర్చోబెట్టుకుని బడికి తీసుకువెళ్లేది. మా వైపు బాబును బావు అన్నట్టే, అక్కను అప్ప అంటాం. అప్ప ఆయనకు పెట్టిన పేరు 'బరువుగాడు'. మనవలు పుట్టాక కూడా ఆవిడ ఆ పేరు మానలేదు.

మా పరిచయం టీ బడ్డీ దగ్గర జరిగింది. నేనూ, వెల్డింగు షాపు నడిపే శ్రీనూ ఫోనులో మ్యాపు చూసుకుంటూ విజయనగరం వెళ్లే దారి గురించి వాదించుకుంటున్నాం. విశాఖ నుంచి ఉత్తరానికి ఎక్కడికి వెళ్లాలన్నా హైవే తిన్నగా తీసుకుపోతుంది. కానీ అక్కడ లారీ పక్క నుంచి వెళ్లినప్పుడు వచ్చే గాలికే సైకిలు ఊగిపోతుంది. హైవే ఎక్కకుండా వెళ్లాలన్నది మా పట్టుదల. పక్క బల్ల మీద పేపరు చదువుతున్న పెద్దాయన తల ఎత్తకుండానే అన్నారు.

"ఆ రోడ్డు ఒద్దు బావు. ఎరువు లారీలు అట్నుంచే ఎల్తాయి."

"మ్యాపులో చిన్న రోడ్డనే ఉందండి" అన్నాను.

"రోడ్డు సిన్నదే. లారీలు పెద్దవి."

"మీకెలా తెలుసండీ?"

"నానే కదేటి పంపించేను."

శ్రీను తన టీ గ్లాసు పట్టుకుని లేచి ఆయన బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు. నేనూ వెళ్లాను. ఆ రోజు ఆయన అన్న మాట మా బృందంలో సామెతగా నిలిచిపోయింది: "లారీ ఏ దార్లో ఎల్లాలో సెప్పడం ఉద్యోగం. ఏ దార్లో ఎల్లదో సెప్పడం రిటైర్మెంటు."

నేను ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరును. కొలవడం నా వృత్తి. అందుకే ఆయన దారిని పరీక్షించే పద్ధతి నన్ను ఆకట్టుకుంది. మ్యాపులో ఒక దారి నచ్చితే ఆయన ఆ దారిలో తిరిగే బస్సు ఎక్కేవారు. డ్రైవరు వెనక సీటులో కూర్చునేవారు. ప్యాంటు కుడి జేబులో గుప్పెడు చింతపిక్కలు ఉండేవి. డ్రైవరు హారన్ కొట్టినప్పుడల్లా ఒక పిక్క కుడి జేబులోంచి ఎడమ జేబులోకి మారేది. దిగాక ఎడమ జేబు తేలిగ్గా ఉంటే మంచి దారి. బరువుగా ఉంటే వేరే దారి. అన్ని హారన్లూ ఒకటి కావు. మేకల కోసం కొట్టింది లెక్కలోకి రాదు. చెయ్యెత్తిన ప్రయాణికుడికి సమాధానంగా కొట్టింది రాదు. ఎదురుగా వచ్చే లారీకి, మలుపు దగ్గర కనిపించని బండికి, దాటడానికి చోటివ్వని ట్రాక్టరుకు కొట్టిన హారన్లకే పిక్క కదిలేది.

నేను ఫోనులో వాహనాల రద్దీ చూపించే రంగుల మ్యాపు తెచ్చి చూపిస్తే ఆయన కళ్లద్దాలు పెట్టుకుని శ్రద్ధగా చూశారు. కొట్టిపారేయలేదు. "బాగుంది. నీది ఎన్ని బళ్లున్నాయో సెప్తాది. నాది అవి ఎలా ఎల్తన్నాయో సెప్తాది. రెండూ కలిపి సూద్దుం" అన్నారు. అప్పటి నుంచి రెండూ కలిపే చూశాం. నా మ్యాపు పట్టుకోలేని విషయాలు కొన్ని ఆయన దగ్గర నేర్చుకున్నాను. వడ్లు ఆరబోసిన రోడ్డు మీద బళ్లు తక్కువ, కానీ ఆ వడ్ల అంచున పెట్టిన రాళ్లు సైకిలుకు ప్రమాదం. ఎత్తు ఎక్కే ముందు టీ బడ్డీ ఉండాలి, ఎక్కాక ఉంటే లాభం లేదు. హైవేని దాటక తప్పని చోట దాని కిందుగా పశువులు వెళ్లే దారి ఎక్కడుందో వెతకాలి. అన్నిటికంటే ముఖ్యం, తేదీ పెట్టేటప్పుడు పంచాంగం చూడాలి. సింహాచలం గిరి ప్రదక్షిణ రోజున కొండ చుట్టూ ఉన్న ప్రతి సందూ జనసముద్రం. ఊరి అమ్మవారి సంబరం రోజున నిద్రపోతున్న రోడ్డు కూడా లేచి కూర్చుంటుంది. "రోడ్డు ఒకేలాగుండదు బావు. తిథి బట్టి మారిపోద్ది" అనేవారు.

ఆయన చెప్పిన దారుల్లో మేము చాలా తిరిగాం. జీడితోటల మధ్య నుంచి, చెరువు గట్ల మీద నుంచి, స్కూలు పిల్లలు మాకు పోటీగా పరిగెత్తే ఊళ్ల మీద నుంచి. ఆయన మాట మీద మాకు ఎంత నమ్మకమంటే, దారి ఎలా ఉంటుందని అడగడం కూడా మానేశాం.

ఆ నమ్మకం ఒక్కసారి దెబ్బతింది. విజయనగరం దాటాక ఒక కొత్త దారి. ఆయన జనంతో కిక్కిరిసిన ఒక ప్రైవేటు బస్సులో వెనక ఎక్కడో కూర్చుని, రోడ్డు కనబడకపోయినా హారన్ల లెక్క చూసి వచ్చారు. ఎడమ జేబులో ఒక్క పిక్క కూడా లేదు. "ఇలాటి రోడ్డు నా సర్వీసులో సూడ్నేదు" అని ఫోనులో చెప్పారు. మేము ఎనిమిది మందిమి బయల్దేరాం. ఆ రోడ్డు నిండా రాళ్ల క్వారీ లారీలు. దుమ్ములో ముందున్నవాడి వీపు కూడా కనబడలేదు. ఒక లారీ మరీ పక్కగా రావడంతో శ్రీను సైకిలుతో సహా పొలంలోకి దూకాడు. మోచేయి గీసుకుపోయింది. అంతకు మించి ఎవరికీ ఏమీ కాలేదు. కానీ మరో మూరెడు అటూ ఇటూ అయితే ఏమయ్యేదో అందరికీ తెలుసు.

మర్నాడే మావయ్య నన్ను వెంటబెట్టుకుని ఆ బస్సు దగ్గరికి వెళ్లారు. డ్రైవరు పేరు కృష్ణ. నడివయసు మనిషి.

"ఏటి బావా, మొన్న దారంతా ఒక్క హారనైనా కొట్టలేదేటి?" అని అడిగారు.

"హారనేటి బావా, అప్పటికే పాడైపోయి వారఁవైంది. కిటికీలోంచి సెయ్యెట్టి తలుపు మీద కొట్టుకుంటా ఎల్లేను. బాగు సేయించేను, నిన్నే."

మావయ్య ముఖం చూసి నాకు నవ్వాగలేదు. "దారంతా డబడబా మోగింది అదేనేటి?" అన్నారు.

"మరేటనుకున్నావు?"

"బస్సు రేకు ఊడిపోయిందనుకున్నాను."

కృష్ణ స్టీరింగు మీద పడి నవ్వాడు. కండక్టరు నవ్వాడు. మావయ్య మాత్రం నవ్వలేదు. తిరుగు ప్రయాణంలో కుడి జేబులోంచి చింతపిక్కలన్నీ తీసి నా చేతిలో పోశారు. "ఇంక నాను దారి సెప్పను బావు" అన్నారు.

మాకు అది పరిహాసం కాదని వారం తర్వాత గాని అర్థం కాలేదు. మేము వెళ్లి కూర్చుంటే అత్త కాఫీ ఇచ్చేవారు, ఆయన వాతావరణం గురించి మాట్లాడేవారు, మ్యాపు తెరిస్తే పేపరు అడ్డం పెట్టుకునేవారు. శ్రీను మోచేయి చూపించి, "సూడు మావా, మానిపోయింది, మచ్చ కూడా నేదు" అన్నాడు.

"మాననీ. తప్పు హారన్‌ది కాదురా. రోడ్డు మీద మీరున్నారు, నాను బస్సులో కూకున్నాను. కూకున్నోడు దారి సెప్పకూడదు."

"అయితే నువ్వూ రా."

"తొక్కడం రాదు కదరా ఎదవా."

"తొక్కడం ఒచ్చు. బేలెన్సు రాదు. అది వేరే పార్టు."

ఆ మాట శ్రీను యథాలాపంగా అన్నాడు గానీ, ఇంటికి వచ్చేసరికి మా ఇద్దరికీ ఒకే ఆలోచన. బేలెన్సు ముందున్నవాడి పని. వెనకవాడు తొక్కితే చాలు. రెండు పాత సైకిళ్ల ఫ్రేములు కోసి, నేను కొలతలు వేసి ఇస్తే, శ్రీను వాటిని కలిపి ఒకే పొడవాటి ఫ్రేముగా వెల్డు చేశాడు. రెండు సీట్లు, రెండు జతల పెడళ్లు, ఒకే హ్యాండిలు. వెనక సీటు ముందు పట్టుకోవడానికి అడ్డంగా ఒక కడ్డీ. మొదటి గొలుసు మూడోసారి ఊడిపోయాక నా లెక్కలో గొలుసు తిరిగే చక్రం పళ్ల సంఖ్య తప్పిందని తేలింది. అదీ సరిచేశాం.

తెల్లారి గ్రౌండులో మావయ్యను ఎక్కించాం. నేను ముందు, ఆయన వెనక. కొత్త చొక్కా, మడత నలగని ప్యాంటు. "పెళ్లికి కూడా ఇంత ముస్తాబవలేదు మీ మావయ్య" అన్నారు అత్త, గట్టు మీద నిలబడి. మొదటి చుట్టులో ఆయన కడ్డీని ఎంత గట్టిగా పట్టుకున్నారో ఫ్రేము వణుకులో నాకు తెలిసింది. రెండో చుట్టులో, "నా వీపు చూడండి మావయ్యా, నేల చూడకండి" అన్నాను. మూడో చుట్టులో వెనక నుంచి పెడలు మీద బలం వచ్చింది. ఒక్కసారిగా సైకిలు తేలికైంది. ఆ తేడా నా పాదాలకు ఇప్పటికీ గుర్తుంది.

నాలుగో చుట్టు పూర్తయ్యాక ఆయన అడిగినది ఒక్కటే: "దీని మీద అప్ప ఊరు ఎల్లొచ్చా?"

వాళ్ల అప్ప ఊరు పొందూరుకు ఆవల ఒక పల్లె. మాకు రెండు రోజుల ప్రయాణం. ఆయన మళ్లీ పిక్కలు జేబులో వేసుకున్నారు, మళ్లీ బస్సులెక్కారు. ఒకే తేడా, బస్సు ఎక్కగానే టిక్కెట్టు కంటే ముందు, "ఓపాలి హారన్ కొట్టు బావా" అని డ్రైవరును అడిగేవారు. కృష్ణ బస్సులో అయితే ప్రయాణికులందరికీ అది అలవాటైపోయింది. హారన్ మోగగానే వెనక నుంచి ఎవరో ఒకరు, "పాసు" అని అరిచేవారు.

ఆ చలికాలం మేము బయల్దేరాం. మావయ్యా నేనూ జోడు సైకిలు మీద, శ్రీనూ మరో ఇద్దరూ మామూలు సైకిళ్ల మీద. భీమిలి దాకా సముద్రం పక్క నుంచి, అక్కడి నుంచి పద్మనాభం మీదుగా లోపలికి, రాత్రికి విజయనగరం. మర్నాడు చీపురుపల్లి వైపు. హైవేని ఒక్క చోటే దాటాం, అది కూడా కింద నుంచే. పైన లారీలు ఉరుముతుంటే మావయ్య తల పైకెత్తి, "మనోళ్లే" అన్నారు. తను చెప్పిన దారిలో తాను ఉన్నానన్న తృప్తి ఆయన మాటల్లో వినిపించేది. ఎదురుగాలి వస్తే, "ఇది బస్సులో తెలీదు సుమీ" అనేవారు. గుంత తగిలితే, "ఇదీ తెలీదు" అనేవారు. బస్సులో తెలియనివన్నీ ఆయన వెనక సీటు నుంచి గట్టిగా చెబుతుంటే, నేను మనసులో వరసగా పెట్టుకున్నాను.

అప్ప గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. బక్కపలచని మనిషి, నిటారుగా ఉన్నారు. సైకిలును ఈ చివర నుంచి ఆ చివరకు చూశారు.

"ఒరే సూరిగా, సిన్నప్పుడూ ఎనకే, ముసిలోడివయ్యేకా ఎనకేనేటిరా?"

"అప్పుడు తొక్కలేదప్పా. ఇప్పుడు తొక్కేను."

ఆవిడ నా వైపు తిరిగారు. "నిజఁవేనా బావూ? ఈడు తొక్కేడా, నీ మీద బరువెట్టీసి కూకున్నాడా?"

"తొక్కారండి. ఎత్తు వచ్చినచోట నాకంటే గట్టిగా తొక్కారు."

అప్ప ఒక్క క్షణం తమ్ముణ్ణి చూశారు. "అయితే రా. కాళ్లు కడుక్కో" అని, తానే లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చారు. ఆ రోజంతా ఆవిడ నోట 'బరువుగాడు' అన్న పేరు రాలేదు. సాయంత్రం వీధిలో వెళ్లేవాళ్లను పిలిచి మరీ, "మా తమ్ముడు ఇశాపట్నం నుంచి తొక్కుకొని వొచ్చేడు" అని చెప్పుకున్నారు. ముందు సీటులో ఒక ఇంజనీరు కూడా ఉన్నాడన్న వివరం ఎవరికీ చెప్పలేదు. మావయ్య చెప్పనివ్వలేదు.

ఆ ప్రయాణం తర్వాత ఆయన మళ్లీ మాకు దారులు చెప్పడం మొదలుపెట్టారు. ఒక్క షరతు మాత్రం పెట్టారు: కొత్త దారి మొదటిసారి వెళ్లేటప్పుడు జోడు సైకిలు కూడా ఉండాలి. ఉండేది. ఎప్పుడూ వెనక సీటు ఆయనదే, ముందు సీటు మాలో ఎవరో ఒకరిది. ఆ షరతు మీద మేము తిరిగిన ఏ దారిలోనూ మళ్లీ ఎవరూ పొలంలోకి దూకవలసి రాలేదు.

ఆయన చివరగా వెతుకుతున్నది కూడా అప్ప ఊరి దారే. మేము వెళ్లిన దారిలో చివరి భాగం ఆయనకు నచ్చలేదు. ఇటుక బట్టీల ట్రాక్టర్లు ఎక్కువ. దాన్ని తప్పిస్తే, కొత్తగా సైకిలు పట్టినవాళ్లు కూడా హైవే మొహం చూడకుండా విశాఖ నుంచి పొందూరు దాకా నిశ్చింతగా వెళ్లగలుగుతారు. దాని కోసం రాజాం వైపు నుంచి వేరే దారి చూస్తున్నారు. ఆ శనివారం కృష్ణ బస్సులోనే చాలా భాగం చూశారు. ఆఖరి ట్రిప్పు దారిలో ఉన్న ఒక సంత దగ్గరే ఆగిపోవడంతో అక్కడి నుంచి అప్ప ఊరి దాకా ఉన్న ముక్క మిగిలిపోయింది. ఆయన ఫోనులో చెప్పిన ముక్క అదే.

పెద్దకార్యం నాడు అప్ప వచ్చారు. బస్సులో వచ్చారు. అత్త పక్కన చాలాసేపు కూర్చున్నారు. వెళ్లేటప్పుడు జోడు సైకిలు వెనక సీటు మీద చెయ్యి వేసి, "బరువు లేని మనిషిరా బావూ" అన్నారు నాతో. అత్త ఆయన ప్యాంటు కుడి జేబులోంచి పిక్కలు తీసి నాకు ఇచ్చారు. ఎడమ జేబులోవి విడిగా కాగితంలో కట్టి ఇచ్చారు. కొద్దిగానే ఉన్నాయి. అంటే, ఆ శనివారం చూసినంత మేరా మంచి దారే.

గత వారం సెలవు పెట్టి వెళ్లాను. సంత దగ్గర బస్సు ఎక్కి డ్రైవరు వెనక సీటులో కూర్చున్నాను. కృష్ణ అద్దంలో నన్ను చూసి, నేను అడగకముందే ఓసారి హారన్ కొట్టాడు. వెనక నుంచి ఎవరో "పాసు" అన్నారు.

"బావ ఏడీ? రాలేదేటి?" అన్నాడు కృష్ణ.

చెప్పాను. అతను గేరు మీద చెయ్యి వేశాడు. "కిందటిపాలి దిగినప్పుడు కూడా, రేకు గట్టిగుందేటి బావా అన్నాడు" అన్నాడు. తర్వాత బస్సు కదిలించాడు.

ఆ ముక్కలో దారి జీడితోటల మధ్య నుంచి పోతుంది. ఒక చిన్న వంతెన, ఒక చెరువు, చెరువు దాటాక చిన్న ఎత్తు. ఎత్తుకు ముందు టీ బడ్డీ ఉంది. ఒకచోట మేకలు అడ్డొస్తే హారన్ కొట్టాడు, పిక్క కదపలేదు. ఒక మలుపు దగ్గర ట్రాక్టరుకు కొట్టాడు. ఒక పిక్క మార్చాను. అంతే. మ్యాపులో నా రంగులు కూడా అదే చెబుతున్నాయి. విశాఖ నుంచి పొందూరు దాకా మావయ్య వెతికిన దారి పూర్తయింది.

దారులు చెప్పేవాళ్లు ఇక ముందు కూడా ఉంటారు. ఫోనులో చెబుతారు, నాలాంటివాళ్లు కొలిచి చెబుతారు. చెప్పిన దారిలో తాను కూడా ఉండాలని అరవై దాటాక, రాని సైకిలు ఎక్కిన మనిషి మాత్రం నాకు మరొకరు తెలియదు. ఆ వెనక సీటులో ఎవరు కూర్చున్నా ముందున్నవాడి పాదాలకు ఆయన లేని తేడా తెలుస్తూనే ఉంటుంది.

అప్ప ఊరు కనబడుతుండగా తోటలు అయిపోయి రోడ్డు తిన్నగా, ఖాళీగా పరుచుకుంది. ఎదురుగా బండి లేదు, మేక లేదు, చెయ్యెత్తిన మనిషి లేడు. అక్కడ కృష్ణ హారన్ మీద అరచెయ్యి వేసి, చాలాసేపు తియ్యలేదు.

ఆ హారన్‌కు నేను పిక్క మార్చలేదు.